రూతమ్మ ఎడమ చెంప

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మంత్రాలనూ నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది. కింద రాసేది చదివాక నా బుద్ధి మారిందని కొందరు అనుకోవచ్చు. మారలేదు.

మా నాన్నగారు మిషను బడిలో పంతులు. మా ఇంట్లో తాయెత్తు కట్టుకున్నవాళ్ళు లేరు, దిష్టి తీయించుకున్నవాళ్ళు లేరు. ఆ పైన నా వృత్తి ఒకటి. మద్రాసులో అచ్చయ్యే దినపత్రికకు రాజమహేంద్రవరం నుంచి వార్తలు పంపేవాణ్ణి. ఫలానా ఊళ్ళో చింతచెట్టు కింద ఎవరో ఏడుస్తున్నారనీ, ఫలానా ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయనీ కబుర్లు వచ్చేవి. వెళ్ళి వాకబు చేస్తే ప్రతిసారీ ఒక మనిషీ ఒక కారణమూ బయటపడేవి. అటువంటి వార్తల్లో పంపకుండా ఆపినవే ఎక్కువ.

ఇది మా అక్క సంగతి. గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులు.

అక్క పేరు రూతమ్మ. బావగారు దేవదానం పంతులుగారు, రావులపాలేనికి కొంచెం ఎగువన కాలువ గట్టు మీది ఊళ్ళో మిషను బడి నడిపేవారు. వాళ్ళకు ఒక్కతే ఆడపిల్ల, అప్పటికి మాటలు నేర్చుకుంటోంది. బడీ ఇల్లూ ఒకే కప్పు కింద ఉండేవి. గుమ్మం దాటితే కాలువ గట్టు, దాని అవతల నీళ్ళు.

అక్కకు కుడి చెంపలో నొప్పి వచ్చింది. కుడి చెంప అన్న మాట గుర్తు పెట్టుకోవాలి.

చెవి ముందర మొదలై దవడ ఎముక వెంట దిగి పెదవి చివర ఆగేది. వచ్చేది ఒక క్షణమే. కానీ వచ్చినప్పుడు ఆమె చేతిలో ఏముంటే అది కింద పడేది. గాలి తగిలినా వచ్చేది, చల్లటి నీళ్ళు తాగినా వచ్చేది, పైట చెంగు తగిలినా వచ్చేది. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే తప్పకుండా వచ్చేది. అది పోయాక మళ్ళీ ఎప్పుడొస్తుందోనని మెడ కదపకుండా కూర్చునేది. చూడటానికి వాపు లేదు, పుండు లేదు, జ్వరం లేదు. అందుచేత ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముందు జాలిపడ్డా, తర్వాత తర్వాత బెట్టు అనడం మొదలుపెట్టారు.

పంటి పోటనుకుని కుడివైపు రెండు మంచి పళ్ళు పీకించారు. లవంగ నూనె రాశారు, ఆవిరి పట్టారు, నల్లమందు మాత్రలు మింగించారు. చివరకు నేను పడవ మీద రాజమహేంద్రవరం తీసుకెళ్ళి ఆసుపత్రిలో డాక్టరమ్మగారికి చూపించాను. ఆవిడ దొరసాని, తెలుగు బాగానే మాట్లాడేవారు. ఓపిగ్గా చూశారు. అది పంటి జబ్బు కాదనీ, మొహంలో నరం జబ్బనీ, తమ సీమలో ఆ నరాన్ని కోసేవాళ్ళున్నారనీ, కోయించుకున్నవాళ్ళందరూ బతకడం లేదనీ చెప్పారు. సూదిమందు ఇస్తే ఆ పూటకు నిద్ర పట్టింది. మర్నాడు మామూలే.

"నొప్పి నాకు కనపడదు. ఆమె చెప్పేదే నాకు ఆధారం. నమ్మడమో మానడమో నేను చెయ్యగలిగింది అంతే. నేను నమ్ముతున్నాను," అన్నారు ఆవిడ నాతో. అక్కను నమ్మిన మొదటి పైమనిషి ఆవిడే.

ఊరికి తిరిగొచ్చాక అక్క మాట్లాడటం మానేసింది. బడిలో పలకలకు కొదవ లేదు కనక, చెప్పదలచింది పలక మీద రాసి చూపించేది. జావ ఒక్కటే ఆహారం. అది కూడా తల ఒక పక్కకు వంచి ఎడమవైపునుంచి చెంచాతో కొద్దికొద్దిగా పోసుకునేది. పిల్ల మొహం దగ్గరకు వస్తే చేత్తో ఆపేది. పిల్ల ఏడ్చేది.

నేను చూడటానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం పలక నా ముందు పెట్టింది. "పాపను నీ దగ్గర పెట్టుకుంటావా?" అని రాసి ఉంది.

ఎక్కడికైనా వెళ్తున్నావా అని అడగబోయి, ఆమె చూపు గుమ్మం అవతలి కాలువ మీద ఉండటం చూసి ఆగిపోయాను. పలక తుడిచేసి ఆమె చేతికిచ్చాను. పత్రికకు సెలవు కావాలని ఉత్తరం రాసి అక్కడే ఉండిపోయాను.

ఇక్కడ పోలయ్య గురించి చెప్పాలి.

రావులపాలెం దిగువన గౌతమి ఒడ్డున జాలరి పల్లెవాళ్ళ గుడిసెలు కొన్ని ఉండేవి. అందులో పోలయ్య అనే ఆయన చేపలు పట్టుకుని బతికేవాడు. తేలు కుట్టిందంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరకు పోయేవారు. విశేషమేమిటంటే కుట్టించుకున్నవాడు వెళ్ళడు. వాణ్ణి కళ్ళారా చూసినవాడు ఎవరైనా ఒకరు వెళ్ళి కబురు చెప్పాలి. దారిలో ఎవరితోనూ ఆ ఊసెత్తకూడదు. చెప్పేదాకా కూర్చోకూడదు. పోలయ్య ఆ కబురు తెచ్చినవాడికే వైద్యం చేస్తాడు. కుట్టినది ఎక్కడో వీడి ఒంటి మీద చూపించమంటాడు, అక్కడ చెయ్యి వేసి ఏదో అనుకుంటాడు, గోదావరి నీళ్ళు కొడతాడు. వీడు తిరిగి ఇంటికెళ్ళేసరికి అక్కడ కుట్టించుకున్నవాడు నిద్రపోతుంటాడు. ఒకే బాధకు ఒకే మనిషి రెండుసార్లు కబురు తేకూడదన్నది ఇంకొక నియమం.

దీని గురించి నేను ఎప్పుడో విన్నాను. నా లెక్క నాకుంది. తేలు మంట దానంతటదే కొన్ని గంటలకు దిగుతుంది. పోయి రావడానికి ఆ గంటలు పడతాయి. అంతకుమించి అందులో ఏమీ లేదనుకున్నాను. ఇప్పటికీ తేలు విషయంలో అంతే అనుకుంటాను.

నేను అక్కడున్న రోజుల్లో ఒకనాడు బావగారు బడికి సెలవిచ్చి, రావులపాలెంలో పనుందని తెల్లవారగానే బయల్దేరారు. ఆయన తక్కువ మాటల మనిషి. ఏం పని అని ఎవరమూ అడగలేదు.

మధ్యాహ్నం అక్కకు జావ కాచి ఇచ్చాను. ఎప్పటిలాగే తల వంచి ఎడమవైపునుంచి చెంచా పెట్టుకుంది. ఒకటి రెండు చెంచాలు బాగానే వెళ్ళాయి. తర్వాత జావ ఎడమ పెదవి చివరనుంచి కారి గడ్డం మీదుగా చీర మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. చెంచా మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ కారింది. ఈసారి జావలో ఎర్రగా కనిపించింది.

"అక్కా, నెత్తురు," అన్నాను.

ఎక్కడ అన్నట్టు చూసింది. నోరు తెరిపించి చూశాను. ఎడమ బుగ్గ లోపలి కండ పంటి కింద పడి తెగి ఉంది. వేలితో నొక్కాను. ఆమె కదల్లేదు. బయట చెంప గిల్లాను. నేను ఏం చేస్తున్నానో తెలియనట్టు నా చేతి వంక చూస్తూ ఉంది. ఈలోగా కుడివైపు నొప్పి వచ్చింది, గిన్నె కింద పడింది. అంటే కుడివైపు ఎప్పటిలాగే ఉంది. ఎడమవైపు మొద్దుబారిపోయింది. పొద్దున నిద్రలేచి మొహం కడుక్కున్నప్పుడు ఆ చెంపకు నీళ్ళు తెలిశాయని ఆమె పలక మీద రాసింది.

పక్షవాతమేమోనని భయపడ్డాను. నవ్వమన్నాను, కళ్ళు మూయమన్నాను. మొహం రెండు పక్కలా సమంగా కదిలింది. స్పర్శ ఒక్కటే లేదు.

దీపాలు పెట్టే వేళకు బావగారు వచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా లోపలికి వచ్చి, "ఎలా ఉంది? ఎడం పక్క తగ్గిందా?" అని అడిగారు.

అక్క ఆయన్ను చూసింది. నేనూ చూశాను.

"ఎడం పక్క ఏంటండి బావగారూ? నొప్పి కుడి పక్క కదా," అన్నాను.

ఆయన అక్కకు ఎదురుగా నిలబడి, ఆమె మొహంకేసి చూస్తూ, మెల్లగా తన చెయ్యి ఎత్తి తన ఎడమ చెంప మీద పెట్టుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషి కుడి చెంప మన ఎడమ చేతివైపుంటుంది. అద్దంలో చూసినట్టు. కొంతసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని చూసింది ఇలాగేనయ్యా," అన్నారు నాతో. "ఎక్కడో చూపించమన్నాడు. చూపించాను."

అప్పుడు అంతా చెప్పారు. ఆదివారం ప్రార్థనలో మంత్రగాళ్ళ దగ్గరకు పోవద్దని ఊళ్ళోవాళ్ళకు బోధించే మనిషి, ఎవరికీ చెప్పకుండా పోలయ్య దగ్గరకు వెళ్ళి వచ్చారు. ఆయన చెప్పేదాకా ఆ సంగతి అక్కకు తెలియదు. నాకూ తెలియదు. పోలయ్య చెయ్యి వేసింది ఎప్పుడని అడిగాను. పొద్దు నడినెత్తికి వచ్చాకనన్నారు. ఇక్కడ జావలో నెత్తురు కనిపించింది ఆ వేళకే.

అక్క పరిస్థితి ఇప్పుడు ఇంతకుముందుకన్నా అన్యాయమైంది. కుడివైపు నొప్పి వల్ల తినలేదు. తినగలిగిన ఎడమవైపు నోట్లో ఏముందో తెలియదు. రెండు రోజులు జావ కూడా సరిగ్గా లోపలికి పోలేదు. మూడో రోజు పొద్దున పలక నాకిచ్చింది. "నువ్వు వెళ్ళు" అని రాసింది.

"నేను నమ్మను కదక్కా," అన్నాను.

పలక తీసుకుని కింద ఇంకొక మాట చేర్చింది. "నమ్మమన్నానా?"

బావగారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన వద్దనలేదు, వెళ్ళమనలేదు. "కుడి," అన్నారు అంతే.

నొప్పి వచ్చేదాకా ఆమె పక్కన కూర్చున్నాను. వచ్చింది, చూశాను. లేచి బయల్దేరాను.

కాలువ గట్టు వెంట నడిచాను. పడవ లాగే మనుషులు తాడు భుజాన వేసుకుని ఎదురొచ్చి, "ఎందాకండి బాబూ?" అని పలకరించారు. చెయ్యి ఊపి ముందుకు పోయాను. నమ్మకం లేకపోయినా నియమాలు పాటించాను. పాటించకపోతే తర్వాత ఫలితం లేనందుకు కారణం అదేనంటారు. ఒక పరీక్ష చేసేటప్పుడు అన్నీ సరిగ్గా చెయ్యాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

పోలయ్య గుడిసె ఒడ్డుమీదే ఉంది. ఆయన వల బాగు చేసుకుంటున్నాడు. పెద్దవయసు, పలచటి మనిషి. ఆయన భార్య నూకమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. ఆవిడే ముందు చూసింది.

"ఇదిగో, మళ్ళీ చొక్కా బాబొకరొచ్చారు," అంది.

"కూకోకండి," అన్నాడు పోలయ్య నేను అరుగు దగ్గరకు వెళ్తుంటే. "ఎవరి కబురండి?"

ఫలానా పంతులుగారి భార్య కబురనీ, నేను తమ్ముణ్ణనీ చెప్పాను. ఎడమ చెంప మొద్దుబారిన సంగతి చెప్పాను. పోలయ్య వల పక్కన పెట్టాడు.

"అందుకేనండి నా చేతికి అలా అయింది," అన్నాడు. "తేలు కబురైతే చెయ్యేసిన కాడ నాకు కాస్త వేడి తెలుసుద్ది. ఆ రోజు పంతులుగారి చెంప మీద చెయ్యేస్తే ఏం తెలీలేదు. లోతుగా ఉందేమోనని గట్టిగా పట్టాను. అక్కడ నొప్పి లేదు కదండి. ఉన్నదేదో వచ్చేసింది."

"అది తిరిగి ఇవ్వలేవా?"

"నేనేవన్నా దాచిపెట్టానేంటండి, తిరిగివ్వడానికి? గోదాట్లో పోసేశాను."

"అందుకేనండి ఈయన వల్లో ఒక్క చేపా పడదు," అంది నూకమ్మ. "ఊళ్ళోవాళ్ళ ఏడుపులన్నీ తెచ్చి ఈ రేవులోనే పోస్తాడు. చేపలెక్కడుంటాయి?"

పోలయ్య తల తిప్పకుండా చేతికంటిన వల పోగులు దులుపుకున్నాడు. చాలా కాలంగా వింటున్న మాట కాబోలు.

"ఇప్పుడు కుడి పక్క చెయ్యమంటారు. ఆయ్, చేస్తాను. కానీ ముందే చెప్తున్నాను," అన్నాడు. "అక్కడ నొప్పుంది కాబట్టి నొప్పి వస్తుంది. దాంతోపాటు తాకితే తెలిసేది కూడా వచ్చేస్తుందేమో నాకు తెలీదు. చాలా కాలంనాటి నొప్పి అంటున్నారు. తేలు మంట అప్పుడే వచ్చింది, పైపైన ఉంటది. ఇది వేళ్ళు దించుంటది. రెండూ కలిసి వచ్చేస్తే ఆవిడికి రెండు చెంపలూ పోయినట్టే."

"వెళ్ళి అడిగి వస్తాను."

"మీరు తిరిగెళ్తే ఈ కబురు అయిపోయినట్టేనండి. మళ్ళీ మీరు తేవడానికి లేదు. ఇంకెవరన్నా రావాలి."

ఇంకెవరూ లేరు. ఆమె నొప్పిని దగ్గరగా చూసినవాళ్ళం బావగారూ నేనూ ఇద్దరమే. మూడో మనిషి పసిపిల్ల.

పోలయ్య మాటలో నిజముందని నేననుకోలేదు. కానీ ఎడమ చెంప మీద నా వేళ్ళ గుర్తులు చూశాను. అది కాదనలేను. మొహం మొత్తం అలా అయిపోతే ఆమె మెతుకు ఎక్కడుందో తెలియక నమలాలి. మాట సరిగ్గా పలకదు. పిల్ల మొహానికి మొహం ఆనిస్తే ఆ సంగతి కళ్ళతో చూసి తెలుసుకోవాలి. చెయ్యకపోతే ఇంటి ముందు కాలువ ఉంది. నా వృత్తిలో రెండు పక్షాల మాటలూ రాసి ఊరుకునేవాణ్ణి. ఏది సరైనదో చదివేవాళ్ళు తేల్చుకునేవారు. ఇక్కడ చదివేవాళ్ళెవరూ లేరు.

"నీ ఇంట్లో ఆవిడకే వస్తే ఏం చేస్తావు?" అని అడిగాను పోలయ్యను.

"నా మొహం సంగతి ఆయన్నడుగుతారేంటండి?" అంది నూకమ్మ. "నన్నడగండి."

"సరే, మీరే చెప్పండమ్మా."

"నేనెందుకు చెప్తాను? నాది కాదు కదా ఆ మొహం."

నవ్వు రావలసిన మాటే. నాకు రాలేదు. ఆ మొహం ఎవరిదో ఆమెను తలుచుకున్నాను. ఒక చెంప పోయిందని తెలిసి, అది ఈయన చేతిలో పోయిందని తెలిసి, రెండు రోజులు ఆలోచించుకుని రెండో చెంపకు నన్ను పంపింది. పోతే ఏమవుతుందో నాకన్నా ఆమెకు బాగా తెలుసు. ఇక నేను తేల్చవలసిందేమీ లేదు.

"చెయ్యండి," అన్నాను.

పోలయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. ఈసారి నాకు ఎదురుగా నిలబడలేదు. నా పక్కన నిలబడి, ఇద్దరం గోదావరికేసి మొహం పెట్టేటట్టు నన్ను తిప్పాడు. "మీ కుడి, నా కుడి, ఆవిడి కుడి," అని మూడుసార్లు తన చేతితో చూపించుకున్నాడు. తర్వాత చెప్పమన్నాడు.

చెప్పాను. వార్త చెప్పినట్టే చెప్పాను. చెవి ముందర మొదలవుతుంది, దవడ వెంట దిగుతుంది, పెదవి దగ్గర ఆగుతుంది. చెబుతూ నా వేలితో నా చెంప మీద ఆ దారి చూపించాను. నా వేలి వెనకే ఆయన వేలు వచ్చింది. పెదవి చివరకు వచ్చి ఆగింది.

అప్పుడు నాకు నొప్పి వచ్చింది.

దీన్ని ఎక్కువ చేసి రాయదలచుకోలేదు. దవడ ఎముక లోపల్నుంచి కాలిన తీగను ఎవరో ఒక్క లాగు లాగినట్టుంది. మోకాళ్ళు నేలకు తగిలాయని తర్వాత తెలిసింది. అరిచానో లేదో నాకు తెలియదు. నూకమ్మ చేపలు వదిలేసి లేచి నిలబడి ఉంది కనక అరిచే ఉంటాను. కలరా రోజుల్లో, తుపాను వచ్చినప్పుడు, "ప్రజలు తీవ్రమైన బాధ అనుభవించుచున్నారు" అని ఎన్నోసార్లు తంతి పంపాను. ఆ మాట రాసేటప్పుడు నాకు ఏమీ తెలియదని ఆ క్షణంలో తెలిసింది.

పోలయ్య దోసిట్లో నీళ్ళు నా కుడి చెంప మీద కొట్టాడు. నొప్పి పోయింది. ఉన్న జాడ కూడా లేదు. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది.

"ఈసారి వేడి తెలిసింది," అన్నాడు ఆయన. అరచెయ్యి తిప్పి చూసుకుని చొక్కా లేని తన ఒంటికి తుడుచుకున్నాడు. "ఎల్లండి. ఇప్పుడు కావాలంటే కూకోవచ్చు."

కూర్చోలేదు. ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి బయల్దేరాను.

ఊరు కనిపించేసరికి ఎండ తగ్గింది. అక్కావాళ్ళ ఇంటి వైపునుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. ఎవరిదో మేక బడి లోపలికి దూరి పిల్లల చాప తింటోంది కాబోలు, ఆ మేకనూ దాన్ని కట్టేసుకోని యజమానినీ యజమాని అత్తగారినీ కలిపి తిడుతోంది. ఎవరో పక్కింటావిడ అనుకున్నాను. ఇంకొంచెం దగ్గరకు వచ్చాక ఆ గొంతు గుర్తుపట్టాను. అది విని ఆర్నెల్లు దాటింది.

బావగారు ఇంటి బయట గోడ పక్కన నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్ళలేదు.

"మధ్యాహ్నం నుంచి మాట్లాడుతూనే ఉందయ్యా," అన్నారు మెల్లగా. "నేను వెళ్తే ఆగిపోతుందేమోనని ఇక్కడే ఉన్నాను."

నేను లోపలికి వెళ్ళాను. అక్క నన్ను చూసి చీపురు కింద పెట్టింది.

"ఒరే, కూర్చో. అన్నం తిన్నావా?" అంది.

కుడి చెంప గిల్లుకోమన్నాను. గిల్లుకుంది. "తెలుస్తోంది," అంది. "మామూలుగానే తెలుస్తోంది." ఎడమవైపు మాత్రం ఏమీ తెలియడం లేదంది. ఆ సాయంత్రం ఆవకాయ కలుపుకుని కుడివైపు నమిలి అన్నం తింది. తింటూ ఒక మాట చెప్పింది. నొప్పి ఆగిపోయినట్టు అనిపించలేదట. తన దగ్గర్నుంచి లేచి ఎటో నడిచి వెళ్ళినట్టు అనిపించిందట, గోదావరి వైపుకు.

"ఎవరి దగ్గరకు వెళ్ళిందో పాపం," అంది.

నా దగ్గరకు వచ్చిందని నేను చెప్పలేదు.

కొన్నాళ్ళాగి ఆమెను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మగారు అక్క కళ్ళకు గుడ్డ కట్టి పక్షి ఈకతో, సూదితో, వేడి చెంచాతో పరీక్ష చేశారు. కుడివైపు ఈక తగిలినా చెప్పింది. ఎడమవైపు సూది గుచ్చినా చెప్పలేదు. జరిగింది నేను మొదట్నుంచి చివరదాకా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

ఇటువంటి నొప్పి ఒక్కోసారి దానంతటదే నెలల తరబడి, ఏళ్ళ తరబడి రాకుండా పోతుందన్నారు. పోతుందని గట్టిగా అనుకున్నప్పుడు పోవడం కూడా తాను చూశానన్నారు. నాకు వచ్చిన నొప్పి, అన్నాళ్ళు ఆమెను చూసి చూసి నా మనసు తెచ్చిపెట్టుకున్నదన్నారు. ఇవన్నీ నాకు సబబుగానే తోచాయి.

"ఎడమ చెంప?" అని అడిగాను.

"నరం చచ్చిపోవచ్చు."

"ఆ వేళకా అండి? తన భర్త ఎక్కడికి వెళ్ళాడో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. అనుకోవడానికి ఎవరికీ ఏమీ తెలియదు."

ఆవిడ ఈకను బల్ల మీద పెట్టారు. "దానికి నా దగ్గర మాట లేదు," అన్నారు.

ఆ నొప్పి మళ్ళీ రాలేదు. బావగారు ఆ తర్వాత మంత్రగాళ్ళ గురించి బోధించడం మానుకున్నారు. ఎందుకు మానుకున్నారని ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. పోలయ్యను ఇంకొకసారి కలుద్దామని వెళ్ళేసరికి వరదలో ఆ ఒడ్డు కోసుకుపోయి, గుడిసెలవాళ్ళు సముద్రం వైపుకు తరలిపోయారు. ఎక్కడికో తెలిసినవాళ్ళు దొరకలేదు.

చాలా ఏళ్ళ తర్వాత అక్కను ఒకసారి అడిగాను, ఆ చెంప తిరిగి వస్తుందంటే తెచ్చుకుంటావా అని. "దాంతోపాటు ఇంకేమైనా వస్తుందా?" అని అడిగింది. తెలియదన్నాను. "అయితే వద్దు," అంది.

దీన్ని ఎన్ని విధాల ఆలోచించినా, ఆ కుడి చెంప సంగతి నేను ఎలాగో ఒకలాగ సర్దుకోగలను. నా సొంత దవడ సంగతి కూడా. ఎడమ చెంప దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాను. అది ఒక మనిషి చేసిన పొరపాటు. పొరపాటుకు కూడా ఫలితం ఉండాలంటే, అక్కడ ఏదో ఒకటి నిజంగా జరిగి ఉండాలి. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకుంటానన్న ఆశ కూడా ఇప్పుడు లేదు.

మొన్న వెళ్ళినప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. అక్క మనవడు చేసిన అల్లరి ఏదో చెబుతూ నవ్వుతోంది. ఆమె ఎడమ చెంప మీద దోమ వాలింది. కడుపు ఎర్రగా ఉబ్బేదాకా తాగింది. ఇక ఎగరలేక అక్కడే కూర్చుంది. ఆమె నవ్వుతూనే ఉంది. చెయ్యి చాచి దాన్ని తుడిచేశాను.

"ఏంట్రా?" అంది, నా వేలి మీది నెత్తురు చూసి.

"దోమక్కా," అన్నాను.

"ఎవర్ని కుట్టింది?" అని అడిగింది.